మహీంద్రా బొలెరో

మహీంద్రా బొలెరో, మహీంద్రా అండ్ మహీంద్రా సంస్థ 2000వ సంవత్సరంలో విడుదల చేసిన డీజిలు వాహనం. ఏడుగురు కూర్చునే వీలున్న ఈ వాహనం పాతికేళ్ళుగా దాదాపు అదే ఆకారంలో, అదే పేరుతో అమ్ముడవుతున్నది. తెలుగు రాష్ట్రాలలో పోలీసు, అటవీ, రెవిన్యూ శాఖల వాహనంగాను, గుత్తేదారుల మరియు రైతుల వాహనంగాను ఇది అందరికీ పరిచితం. హైదరాబాదుకు పడమరగా పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా సాగే పారిశ్రామిక ప్రాంతంలో రహదారి ప్రక్కన కొంతసేపు నిలబడినవారికి ఈ వాహనం కనబడక మానదు.

ఇంతకాలం మారని బండిని నేడు కొనవచ్చునా అనే ప్రశ్న దీని విషయంలో తరచుగా వినబడుతుంది. నిజానికి బొలెరోలో మారనివి కొన్ని, పైకి కనబడకుండా మారినవి కొన్ని ఉన్నాయి. దానికి వచ్చిన మంచి పేరు వీటిలో దేని వలన వచ్చినదో వేరుచేసి చూస్తే తప్ప ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకదు.

పేరు

బొలెరో అనునది స్పెయిన్ దేశపు ఒక నృత్యరీతి పేరు. నడుము వరకు కూడా రాని ఒక పొట్టి కోటును కూడా అదే పేరుతో పిలుస్తారు. తెలుగువారి వాడుకలో ఈ మాట ఒక్క ప్రయాణీకుల వాహనానికే పరిమితం కాలేదు. సరుకులు చేరవేసే బొలెరో పికప్‌ను, ముందు మనుషులు, వెనుక సామాను పట్టే బొలెరో క్యాంపర్‌ను కూడా జనం బొలెరో అనే అంటారు. సరుకు బండిని బొలెరో ట్రాలీ అనడం కూడా ఉన్నది. అందువలన పత్రికలలో "బొలెరో వాహనం" అని వ్రాసినప్పుడు అది ఏ రకమో సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసి ఉంటుంది.

2021లో బొలెరో నియో అనే మరొక వాహనం వచ్చినది. ఇది అంతకుముందు టి.యు.వి. 300 పేరుతో అమ్మిన వాహనానికి మార్పులు చేసి, క్రొత్త పేరు పెట్టినది. దీనికీ అసలు బొలెరోకూ చట్రం వేరు, శరీరం వేరు. ఈ వ్యాసం అసలు బొలెరోను గురించినది.

చరిత్ర

మహీంద్రా సంస్థ 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే పేరుతో ప్రారంభమైనది. భాగస్వాములలో ఒకరైన మాలిక్ గులాం మొహమ్మద్ దేశవిభజన తరువాత పాకిస్తాన్‌కు వెళ్ళి, అనంతరం ఆ దేశ గవర్నర్ జనరల్ అయినారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది. 1940వ దశకం చివర అమెరికాకు చెందిన విల్లీస్ జీపు భాగాలను తెప్పించి బొంబాయిలో కూర్చడంతో ఈ సంస్థ వాహనరంగంలో అడుగు పెట్టినది.

ఆ జీపుల పరంపరలోనే తరువాతి దశాబ్దాలలో కమాండర్, మార్షల్, ఆర్మడా వంటి వాహనాలు వచ్చినవి. తెలుగునాట ఏ సంస్థ బండినైనా, నలుచదరపు ఆకారంలో ఎత్తుగా ఉంటే చాలు, "జీపు" అని పిలవడం అలవాటైనది. ఎన్నికల ప్రచారానికి, పెళ్ళిళ్ళకు, బస్సు పోని ఏజెన్సీ గ్రామాలకు మనుషులను చేరవేయడానికి ఈ జీపులే ఆధారంగా ఉండేవి.

1993లో వచ్చిన ఆర్మడా, దాని తరువాతి రూపమైన ఆర్మడా గ్రాండ్ ఆధారంగా 2000లో బొలెరో రూపొందినది. జీపు గట్టిదనం తగ్గకుండా నాలుగు తలుపులు, మూసిన పైకప్పు, ఎ.సి. గల వాహనం కావాలనే కోరికను ఇది తీర్చినది. 2002లో అదే సంస్థ స్కార్పియోను తెచ్చినప్పుడు బొలెరో వెనుకబడుతుందని అనుకోవడం సహజమే. కాని అలా జరుగలేదు. స్కార్పియో పట్టణాలవైపు, బొలెరో పల్లెలవైపు మొగ్గినవి. 2000వ దశకం రెండవ సగం నుండి 2010వ దశకం మధ్య వరకు దేశంలో యుటిలిటీ వాహనాల అమ్మకాలలో బొలెరోదే పైచేయిగా ఉండినది. మొత్తం మీద ఇప్పటికి పది లక్షలకు పైగా బొలెరోలు అమ్ముడైనవి.

ముఖ్యమైన మార్పులు కాలక్రమంలో ఇలా ఉన్నాయి:

2000 – విడుదల. ప్యూజో సాంకేతికతతో తయారైన 2.5 లీటర్ల డీజిల్ ఇంజను.
2011 – ముందుభాగం రూపురేఖలలో మార్పు, 2,523 ఘన సెం.మీ. కామన్ రైల్ ఇంజను.
2016 – బొలెరో పవర్ ప్లస్. 1,493 ఘన సెం.మీ. ఇంజను, పొడవు 4 మీటర్ల లోపుకు తగ్గింపు.
2019 – ఎ.బి.ఎస్., డ్రైవరు ఎయిర్‌బ్యాగు, సీటుబెల్టు హెచ్చరిక వంటివి నిబంధనల ప్రకారం చేరిక.
2020 – బి.ఎస్.-6 ప్రమాణాలకు తగిన ఇంజను.
2022 – ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు.
2025 అక్టోబరు – క్రొత్త జాలీ, టచ్‌స్క్రీన్, స్టీరింగుపై మీటలు, సస్పెన్షన్‌లో సవరణలు.

2016 నాటి మార్పుకు కారణం పన్ను. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 ఘన సెం.మీ. మించని డీజిల్ ఇంజను ఉంటే ఆ వాహనాన్ని చిన్నకారుగా పరిగణించి తక్కువ పన్ను వేసే పద్ధతి దేశంలో 2006 నుండి ఉన్నది. పాత బొలెరో పొడవు 4,107 మి.మీ. దానిని 3,995 మి.మీ.కు తగ్గించి, చిన్న ఇంజను అమర్చడంతో ఈ వాహనం ఆ కోవలోకి వచ్చినది. 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన జి.ఎస్.టి. సవరణలో ఈ తరగతి వాహనాలపై సెస్సుతో కలిపి 31 శాతం ఉన్న పన్ను 18 శాతానికి తగ్గినది. పెద్ద వాహనాలపై ఇది 40 శాతం. 2025 అక్టోబరులో సవరించిన బొలెరో ప్రారంభ ధరను షోరూములో 7.99 లక్షల రూపాయలుగా ప్రకటించారు. జీవితపన్ను, బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులు దీనికి అదనం.

నిర్మాణం: మారనిది

బొలెరోకు నిచ్చెన వంటి ఇనుప చట్రం ఆధారం. రెండు పొడవాటి దూలాలు, వాటిని కలిపే అడ్డ దూలాలు కలిసి నిచ్చెన ఆకారంలో ఉంటాయి. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు దీనికే బిగింపబడతాయి. శరీరాన్ని విడిగా తయారు చేసి దీనిపై కూర్చుండబెడతారు. లారీల నిర్మాణం కూడా ఇదే. నేటి కార్లలో అధికభాగం ఇలా ఉండవు; వాటిలో చట్రం, శరీరం కలిసి ఒకే పెట్టెగా ఉంటాయి.

ఈ నిర్మాణం వలన కలిగే లాభం గతుకుల దారిలో తెలుస్తుంది. ఒక చక్రం గుంటలో, మరొకటి గట్టుపై ఉన్నప్పుడు కలిగే మెలికను చట్రమే భరిస్తుంది. శరీరం నలగకుండా నిలుస్తుంది. తలుపు సొట్టపడితే దానిని విప్పి సరిచేయడమో, మార్చడమో సులభం. నష్టం కూడా అక్కడి నుండే వస్తుంది. చట్రం బరువు వలన ఇంధనం ఖర్చు పెరుగుతుంది. బండి ఎత్తు పెరిగి, మలుపులలో ఒరుగుతుంది.

వెనుక చక్రాలకు కమాన్ పట్టీలు, ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులు ఉన్నాయి. కమాన్ పట్టీ బరువును మోయడానికి పుట్టినది; ఖాళీ బండిలో ఇద్దరే కూర్చుని వెళ్ళినప్పుడు ఎగిరెగిరి పడుతుంది, ఏడుగురు ఎక్కిన తరువాత మెత్తబడుతుంది. పట్టీ విరిగితే చిన్న ఊరిలో కూడా మార్చగలరు. ఇంజను శక్తి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక ఇరుసుకు చేరుతుంది. ముందు డిస్కు, వెనుక డ్రమ్ము బ్రేకులు. గేర్లు ఐదు, చేతితో మార్చుకునేవి. నేలకు, బండి అడుగుభాగానికి మధ్య దూరం 180 మి.మీ. చక్రాల నడుమ దూరం 2,680 మి.మీ. ఇంధనపు ట్యాంకు 60 లీటర్లు.

ఈ భాగాలలో చాలా వాటి స్వభావం ఏళ్ళ తరబడి మారకపోవడం వలన మూడు ఫలితాలు కలిగినవి. మొదటిది, విడిభాగాలు విరివిగా, చౌకగా దొరకడం. రెండవది, ఈ బండి పని తెలిసిన మెకానిక్కులు ప్రతి మండల కేంద్రంలోను ఉండడం. మూడవది, పాత బండికి మంచి ధర రావడం. నమ్మకమైన బండి అనే పేరుకు ఈ మూడే పునాది. బండి చెడిపోదని ఆ మాటకు అర్థం కాదు. చెడిపోయినచోటనే, ఆ రోజే బాగుచేయించుకోవచ్చునని అర్థం.

ఇంజను: మారినది

మొదటి బొలెరోలలోని 2.5 లీటర్ల ఇంజనులో ఎలక్ట్రానిక్ భాగాలు లేవనే చెప్పాలి. ఇంధనపు పంపు, ఇంజెక్టర్లు యాంత్రికంగా పనిచేసేవి. పొగ రంగు చూసి, శబ్దం విని లోపాన్ని పట్టగల మెకానిక్కుల చేతిలో అది మరమ్మత్తుకు లొంగేది. కామన్ రైల్ పద్ధతి వచ్చిన తరువాత ఇంధనాన్ని ఎక్కువ పీడనంతో, కంప్యూటరు ఆజ్ఞ ప్రకారం చల్లడం మొదలైనది. శబ్దం, పొగ తగ్గినవి. కాని కల్తీ డీజిలును, నీరు కలిసిన డీజిలును ఈ ఇంజెక్టర్లు సహింపవు.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాలు అమలైనవి. ఇప్పటి 1,493 ఘన సెం.మీ. ఇంజను 75 అశ్వశక్తిని, 210 న్యూటన్ మీటర్ల టార్కును ఇస్తుంది. పొగలోని మసిని పట్టి నిలిపే వడపోత పరికరం (డి.పి.ఎఫ్.) బి.ఎస్.-6 డీజిల్ వాహనాలన్నింటిలాగే ఇందులోను ఉన్నది. ఈ పరికరంలో నిండిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు కొంతదూరం ఆగకుండా, తగిన వేగంతో సాగాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే, ఆగుతూ నడిచే బండిలో మసి పేరుకొని హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడు దానిని సరిచేయడానికి స్కానింగు యంత్రం కావాలి, అనగా సర్వీసు సెంటరుకు వెళ్ళాలి.

ఇక్కడే చాలామంది పొరబడే అవకాశం ఉన్నది. 2005 నాటి బొలెరోను ఇరవై ఏళ్ళు నడిపినవారు చెప్పే అనుభవం ఆ ఇంజనుకు చెందినది. నేడు షోరూములో ఉన్న బండికి చట్రం, ఇరుసులు, కమాన్ పట్టీల వరకే ఆ అనుభవం వర్తిస్తుంది. ఇంజను విషయంలో నేటి బొలెరోకు, అదే ధరలో దొరికే ఇతర డీజిల్ వాహనాలకు పెద్ద తేడా లేదు. చెట్టు క్రింది మెకానిక్కు బాగుచేయలేనిది ఇప్పుడు బొలెరోలో కూడా ఉన్నది.

అన్ని దారులలో నడిచే వాహనమేనా?

జీపు వంశంలో పుట్టినది కనుక బొలెరోకు నాలుగు చక్రాలకూ శక్తి అందుతుందని కొందరి నమ్మకం. పూర్వం నాలుగు చక్రాల డ్రైవు గల బొలెరో రకాలు ఉండేవి. నేటి ప్రయాణీకుల బొలెరోలో శక్తి వెనుక చక్రాలకు మాత్రమే అందుతుంది. మొరం దారి, రాళ్ళ దారి, ఎండిన వాగు, పొలం గట్టు వెంబడి బండ్లబాట వంటివాటికి ఇది చాలును. నల్లరేగడిలో వాన పడిన తరువాత, బురద చక్రాలకు అంటుకొని జారేచోట, ఖాళీగా ఉన్న వెనుక భాగం తేలిపోయి చక్రాలు ఊరకే తిరుగుతాయి. అటువంటి చోట ట్రాక్టరు సహాయం తప్పదు.

ఎత్తైన బండి కదా అని పొంగే వాగులో దింపడం మిక్కిలి ప్రమాదకరం. ప్రవహించే నీరు లోతు తక్కువగా కనిపించినా బండిని ప్రక్కకు నెట్టగలదు. 180 మి.మీ. అంటే ఒక జానెడు కన్న తక్కువ. ఇది వరదనీటిని దాటడానికి ఉద్దేశించినది కాదు.

నిజంగా నాలుగు చక్రాల డ్రైవు కావలసినవారికి మన దేశంలో మహీంద్రా థార్, మారుతి సుజుకి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా వంటివి ఉన్నాయి. కాని వాటిలో మనుషులను, సామానును చేర్చే సౌకర్యం, ధర, విడిభాగాల ఖర్చు వేరుగా ఉంటాయి.

భద్రత

వాహనాల భద్రతకు సంబంధించి మన దేశంలో నిబంధనలు 2017 తరువాత కఠినమైనవి. ముందునుండి, ప్రక్కనుండి ఢీకొట్టి చూసే పరీక్షలు 2017 అక్టోబరు నుండి క్రొత్త నమూనాలకు, 2019 అక్టోబరు నుండి అప్పటికే అమ్మకంలో ఉన్న నమూనాలకు తప్పనిసరి అయినవి. ఎ.బి.ఎస్. 2019 ఏప్రిల్ నుండి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుండి అన్నింటికీ తప్పనిసరి. అందువలన 2019కి ముందరి బొలెరోకు, తరువాతి బొలెరోకు భద్రతలో చెప్పుకోదగిన తేడా ఉన్నది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన పరీక్షలో బొలెరో నియోకు పెద్దల రక్షణలోను, పిల్లల రక్షణలోను ఒక్కొక్క నక్షత్రం మాత్రమే వచ్చినది. ఇది వేరే వాహనం కనుక ఆ ఫలితాన్ని అసలు బొలెరోకు అంటగట్టరాదు. అయితే బరువైన ఇనుప చట్రం ఉన్నంత మాత్రాన లోపలివారు సురక్షితమని అనుకోవడం సరికాదని ఆ పరీక్ష తెలుపుతున్నది. ఢీకొన్నప్పుడు ముందుభాగం క్రమంగా నలిగి దెబ్బను పీల్చుకోవాలి. నలగని ఇనుము ఆ దెబ్బను లోపలి మనుషులకు చేరవేస్తుంది.

బొలెరో వెనుకభాగంలోని సీట్లు ప్రక్కకు తిరిగి, ఎదురెదురుగా ఉంటాయి. ముందుకు తిరిగి ఉన్న సీటుతో పోలిస్తే ఇటువంటి సీటులో ప్రమాదసమయంలో రక్షణ తక్కువ. పిల్లలను వెనుక కూర్చుండబెట్టే అలవాటు ఉన్న కుటుంబాలు ఈ సంగతి తప్పక గమనించాలి. ఎత్తైన బండి కనుక అతివేగంతో హఠాత్తుగా ప్రక్కకు త్రిప్పితే బోల్తా పడే అవకాశం మామూలు కారు కన్న ఎక్కువ.

పటాన్‌చెరు – సంగారెడ్డి ప్రాంతంలో

హైదరాబాదు నుండి పూణే వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారిపై (పూర్వం 9వ నంబరు) పటాన్‌చెరు దాటిన తరువాత ఇస్నాపూర్ ఉన్నది. ఇస్నాపూర్ చౌరస్తా నుండి పాశమైలారం పారిశ్రామికవాడకు దారి చీలుతుంది. ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలోనిది; అంతకుముందు మెదక్ జిల్లాలో ఉండేది.

వాహనాల తయారీతో ఈ దారికి పాత అనుబంధం కలదు. 1980వ దశకంలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన హైదరాబాద్ ఆల్విన్, జపానుకు చెందిన నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో తేలికపాటి సరుకు వాహనాల కర్మాగారాన్ని నెలకొల్పినది. తరువాత అది మహీంద్రా చేతికి వచ్చినది. 2013లో అక్కడ ట్రాక్టర్ల కర్మాగారం కూడా ప్రారంభమైనది. దీనిని బట్టి బొలెరో జహీరాబాదులోనే తయారవుతుందని అనుకోరాదు. ప్రయాణీకుల బొలెరో ప్రధానంగా మహారాష్ట్రలోని నాసిక్‌లో తయారవుతుంది. ఇదే దారిలో ఉన్న సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం ఉన్నది.

బొలెరో మంచిచెడ్డలను పరిశీలించడానికి ఈ ప్రాంతం తగిన చోటు. ఇక్కడ ఒకే రోజున ఒకే బండి మూడు రకాల దారులలో నడువవలసి వస్తుంది. జాతీయ రహదారి మీద లారీల నడుమ వేగంగా సాగాలి. పారిశ్రామికవాడ లోపల బరువు బండ్లు త్రొక్కి గుంటలు చేసిన దారులలో మెల్లగా పోవాలి. జహీరాబాదు వైపు చెరకు, అల్లం, ఆలుగడ్డ పండే ఊళ్ళలో మట్టిబాట పట్టాలి. రెండవ, మూడవ దారులలో బొలెరో తన యోగ్యతను చూపుతుంది. మొదటి దారిలో దాని లోపాలు బయటపడతాయి. 75 అశ్వశక్తుల ఇంజనుతో నిండు బండి లారీని దాటాలంటే చాలా దూరం ఖాళీగా ఉండాలి. శబ్దం, కుదుపు ఎక్కువ. ఔటర్ రింగు రోడ్డు మీద ముత్తంగి నుండి శంషాబాదు వరకు రోజూ పోయివచ్చేవారికి ఇది సుఖమైన బండి కాదు.

కొనదగినదేనా?

పై విషయాలను బట్టి, కొనుగోలుదారుని అవసరమే ఈ ప్రశ్నకు జవాబును నిర్ణయిస్తుంది.

పొలాలు, క్వారీలు, లే అవుట్లు, కట్టడాల పనులు చూసుకునేవారు, నెలలో సగం రోజులు మట్టిదారిలో తిరిగేవారు, ఐదారుగురు పనివారిని, సామానును తీసుకొనిపోయేవారు దీనిని కొనవచ్చును. ఈ ధరలో ఇంత గట్టి చట్రం, ఇంత సులభంగా దొరికే విడిభాగాలు గల ఏడు సీట్ల డీజిల్ వాహనాలు మార్కెట్టులో చాలా తక్కువ. బండి ఒకరోజు ఆగితే పని ఆగిపోయేవారికి సుఖం కన్న ఈ గుణమే ముఖ్యం.

ఒకే వాహనం కొనగలిగి, దానిలో భార్యాపిల్లలతో దూరప్రయాణాలు చేయదలచినవారికి ఇది తగినది కాదు. అంతే ధరకు ఆరు ఎయిర్‌బ్యాగులు, మంచి పరీక్షాఫలితాలు గల చిన్న వాహనాలు నేడు దొరుకుతున్నాయి. వాటికి మట్టిదారి శక్తి తక్కువ కావచ్చును, కాని కుటుంబం ఎక్కువగా తిరిగేది తారురోడ్డు మీదనే.

తక్కువగా తిరిగేవారికి కూడా ఇది లాభం కాదు. బొలెరోకు పెట్రోలు ఇంజను లేదు. లీటరుకు సుమారు 16 కి.మీ. అని కంపెనీ లెక్క. బరువుతో, గతుకులలో అంతకన్న తగ్గుతుంది. లీటరుకు 14 కి.మీ. చొప్పున ఏడాదికి 20,000 కి.మీ. నడిపేవారికి సుమారు 1,430 లీటర్ల డీజిలు కావాలి. అంత తిరిగేవారికి డీజిల్ ఇంజను పెట్టుబడి తిరిగివస్తుంది. ఊరిలోనే రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగేవారికి రాదు సరికదా, పైన చెప్పిన మసి వడపోతతో చిక్కు కూడా వస్తుంది.

కర్మాగారాలకు, కార్యాలయాలకు బండిని అద్దెకు పెట్టదలచినవారు పసుపు పలక రిజిస్ట్రేషన్, పర్మిట్టు, ఫిట్‌నెస్ ఖర్చులను ముందే లెక్కలోకి తీసుకోవాలి. తెల్ల పలక గల సొంతబండిని అద్దెకు త్రిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగినప్పుడు ఈ కారణంగానే బీమా పరిహారం చిక్కుల్లో పడుతుంది.

పాత బొలెరో కొనేటప్పుడు

క్రొత్తదాని ధర పెట్టలేనివారు పాత బొలెరోను వెదకడం మామూలు. మంచి పేరు ఉన్న బండి కనుక అరిగిపోయినవాటికి కూడా ఎక్కువ ధర చెబుతారు. చూడవలసినవి ఇవి:

తయారైన సంవత్సరం. 2019 జూలైకి ముందరి బండ్లలో చాలా వాటికి ఎయిర్‌బ్యాగు ఉండదు. ఆర్.సి.లోని తయారీ నెల చూడకుండా ఆకారాన్ని బట్టి వయస్సును నిర్ణయింపరాదు.
చట్రం. కమాన్ పట్టీలు తగిలించేచోట, అడ్డదూలాల వద్ద వెల్డింగు గుర్తులు, పగుళ్ళు ఉన్నాయేమో బండి క్రిందికి దూరి చూడాలి. చట్రం వంగిన బండిని ఎంత చౌకగా వచ్చినా వదలివేయాలి.
తుప్పు. తలుపుల అడుగు అంచులు, కాళ్ళ క్రింది రేకు, వెనుక తలుపు మూలలు.
ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక ఇరుసు. బండి కదిలేటప్పుడు "టక్కు" మనే శబ్దం వస్తే క్రాస్ బేరింగులు అరిగినట్లు.
పొగ. వేడెక్కిన తరువాత కూడా నీలిరంగు పొగ వస్తే ఇంజను ఆయిలును త్రాగుతున్నట్లు.
కాగితాలు. ఫైనాన్సు బాకీ తీరినట్లు ఎన్.ఓ.సి., చలానాలు, బీమా, ఇంజను మరియు చట్రం సంఖ్యలు.
పూర్వపు వాడకం. అద్దెకు తిరిగి తరువాత సొంతబండిగా మార్చినదేమో ఆర్.సి.లో చూడాలి.

సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుండి రద్దగుచున్నది. వాటిని తుక్కు చేయవలసిందే కాని, రోడ్డుపై తిరుగుటకు అమ్మరాదు. కనుక ప్రభుత్వ శాఖకు చెందిన పాత బొలెరో చౌకగా వస్తున్నదని ఎవరైనా చెబితే కాగితాలు చూడకుండా సొమ్ము చెల్లింపరాదు.

ఇతర దేశాలలో ఇటువంటి వాహనాలు

ఏళ్ళ తరబడి మారకుండా అమ్ముడైన వాహనాలు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. రష్యాకు చెందిన లాడా నివా 1977 నుండి, జపానుకు చెందిన టయోటా ల్యాండ్ క్రూజర్ 70 శ్రేణి 1984 నుండి తయారవుతున్నాయి. బ్రిటన్‌కు చెందిన పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ తయారీ 2016లో ఆగిపోయినది. మన దేశంలో మారుతి జిప్సీ 1985లో వచ్చి, కఠినమైన భద్రతా నిబంధనల కాలంలో, 2019 నాటికి సాధారణ కొనుగోలుదారులకు అమ్మకం ఆగినది. సైన్యానికి, పోలీసులకు అది ఎంతగా పనికివచ్చినదో తెలియనివారు లేరు. 1994లో వచ్చిన టాటా సుమో కూడా 2019లోనే నిలిచిపోయినది. హిందూస్తాన్ అంబాసిడర్ 2014లో ఆగినది.

వీటన్నింటి చరిత్రలో ఒక పోలిక కనబడుతుంది. జనం మెచ్చుకోవడం మానినందున మాత్రమే ఇటువంటి బండ్లు ఆగిపోలేదు. పొగ, భద్రతలకు సంబంధించిన క్రొత్త నిబంధనలకు తగినట్లు మార్చడానికి అయ్యే ఖర్చును సంస్థలు భరింపలేక, లేదా భరింపదలచక ఆపినవి. బొలెరో ఆ పరీక్షలను 2019లోను, 2020లోను దాటినది. అందుకోసం ఇంజనును మార్చుకొనవలసి వచ్చినది, ఎలక్ట్రానిక్ పరికరాలను చేర్చుకొనవలసి వచ్చినది. మారని బండి అని పేరు పొందినది నిలిచి ఉండడానికి కారణం, మారవలసినంత వరకు మారడమే. కొనేవారు కూడా ఆ మారిన భాగాన్ని చూసి, తమ దారి ఎటువంటిదో చూసుకొని నిర్ణయించుకొనవలసి ఉన్నది.

ఇవి కూడా చూడండి

జహీరాబాదు
ఇస్నాపూర్
పాశమైలారం
65వ నంబరు జాతీయ రహదారి
జీపు
డీజిల్ ఇంజను